కోర్టు లేచేవరకు జైలు: నర్సీపట్నం నుంచి జొహోర్‌కు

మా అమ్మమ్మ చెల్లెలు మలేషియాలో ఒక ఆయిల్‌పామ్ తోటలో ఉంటుంది. పెళ్లయిన ఏడాదికే మొగుడి వెంట ఓడెక్కింది, మళ్లీ ఇటు రాలేదు. 2006 వేసవిలో ఫోన్ చేసి, "నాకు సూపు పోతోందే. ఇంక బాగవదనీసారు డాక్టర్లు. నీ మొకం ఒక్కపాలి సూపించీసి ఎల్లు. బేగి రా" అంది. నర్సీపట్నంలో బట్టలు కుట్టుకునే నాకు అంతవరకు విశాఖపట్నమే దూరదేశం. అయినా ఆవిడ కళ్లు నా తీరిక కోసం ఆగవు కదా అని, ఆ వారమే పాస్‌పోర్టుకు దరఖాస్తు పెట్టి, అది రాగానే ప్రయాణం పనులు మొదలుపెట్టాను.

సింగపూర్‌లో దిగి బస్సులో సరిహద్దు దాటి జొహోర్ వెళ్తే టికెట్టు చవక. ఆ లెక్కన రెండు దేశాల వీసాలు కావాలి. అనకాపల్లి మీదుగా బస్సులో రెండున్నర గంటలు ప్రయాణించి విశాఖలో ఒక ట్రావెల్స్ ఆఫీసుకు వెళ్లాను. అక్కడి కుర్రాయన సింగపూర్ ఫారం అంతా నింపి సంతకం పెట్టమన్నాడు. ఏ దేశపు కోర్టులోనైనా మీకు శిక్ష పడిందా అన్న ప్రశ్న దగ్గర, నన్ను అడక్కుండానే 'లేదు' అని టిక్ పెట్టేశాడు.

నాకు శిక్ష పడింది. తొంభైల మొదట్లో మా అన్నయ్య సారా కొట్టు ముందే పడి చనిపోయాడు. తర్వాతి వారం మా చర్చి వీధి ఆడవాళ్లం పన్నెండు మందిమి ఆ కొట్టులోకి దూరి, నాలుగు పెట్టెల సారా ప్యాకెట్లు రోడ్డు మీదకు లాక్కొచ్చి తగలబెట్టాం. జడ్జిగారు తలా రెండు వందల జరిమానా, కోర్టు లేచేవరకు జైలు అన్నారు. అంటే ఆ రోజు కోర్టు పని ముగిసేదాకా ఆ హాల్లోనే ఓ మూల కూర్చోవాలి. మా చుట్టాలు సంబంధాలు మాట్లాడుకునేటప్పుడల్లా ఆ సంగతి గుట్టుగా దాటేసేవారు. నేను మాత్రం ఒక్కరోజు కూడా సిగ్గుపడలేదు. ఆ కుర్రాయనకూ సంగతంతా చెప్పాను.

"అవునని రాస్తే వీసా రాదు మేడమ్, కట్టిన ఫీజూ రాదు. అంత పాత కేసు ఎవలికి తెలుస్తాది?" అన్నాడు కుర్రాయన.

"ఊరందరి ముందూ నేనే సేసానని ఒప్పుకున్నాను బాబూ. ఇప్పుడు నీ టిక్కు కోసం కాదనమంటావేటి?" అని కొత్త ఫారం అడిగి 'అవును' అని నేనే రాశాను. కోర్టు నుంచి తీర్పు నకలు తెచ్చి, జరిగిందేమిటో ఒక వివరణ రాసి జతచేశాను. మూడు వారాల తర్వాత రెండు వీసాలూ వచ్చాయి.

నర్సీపట్నం నుంచి తునికి బస్సులో గంటన్నర, తుని నుంచి చెన్నైకి రైల్లో పదమూడు గంటలు. విమానం సింగపూర్‌లో ఉదయం ఏడింటికి దిగింది. ముద్ర వేసే చోట నా పాస్‌పోర్టు చూసి పక్కగదిలోకి పంపారు. లోపల యూనిఫాంలో ఉన్న తమిళావిడ నా కాగితాలన్నీ ముందేసుకుని ఉంది. ఆవిడ ఇంగ్లీషూ, నా మిషన్ స్కూలు ఇంగ్లీషూ ఎలాగో కలిశాయి.

"కోర్టు లేచేవరకు జైలు అని ఉంది. అంటే ఎన్నేళ్లు?"

"పదకొండున్నర నుంచి ఐదింటి వరకండి. మధ్యలో భోజనానికి వదిలారు."

ఆవిడ నవ్వలేదు. మరోసారి చదివింది. "మీరు రాసిన వివరణలో చేసినందుకు విచారిస్తున్నానని ఎక్కడా లేదు."

"లేదండి. విచారం లేదు."

కాగితాలు పట్టుకుని ఎవరి దగ్గరకో వెళ్లింది. నలభై నిమిషాలు కూర్చున్నాను. భయం వేయలేదంటే అబద్ధం. వెనక్కి పంపితే చిన్నమ్మమ్మ ఇక ఎప్పటికీ నన్ను చూడలేదు. ఒక్క మాట, విచారిస్తున్నాను అంటే చాలేమో అనిపించింది. కానీ ఆ మాట అంటే అన్నయ్య చావుకి నేనే క్షమాపణ చెప్పినట్టవుతుంది. అనదలచుకోలేదు.

ఆవిడ తిరిగొచ్చి అడిగింది: "అసలెందుకు తగలబెట్టారు?"

"మా అన్నయ్యని మోసుకొచ్చిన రోజు కూడా ఆ కొట్టు తెరిచే ఉంచారండి."

ఆవిడ కాగితాలు మడిచి, ముద్ర వేసి పాస్‌పోర్టు చేతికిచ్చింది. "బయట మంచినీళ్లున్నాయి, తాగి వెళ్లండి" అంది.

మెట్రో రైల్లో బూగిస్ స్టేషన్‌కు వెళ్లి, అక్కడికి దగ్గర్లోని క్వీన్ స్ట్రీట్‌లో జొహోర్ బస్సు పట్టుకున్నాను. టికెట్టు రెండు డాలర్ల నలభై సెంట్లు. రెండు దేశాల మధ్య ఉన్న వంతెనకు ముందొకసారి, దాటాక ఒకసారి దిగి ముద్ర వేయించుకోవాలి. ఎక్కిన బస్సు మన కోసం ఆగదు. టికెట్టు చూపించి వెనకొచ్చే బస్సు ఎక్కాలి, కాబట్టి సామాను సీట్లో వదలొద్దు. మలేషియా వైపు ముద్ర రెండు నిమిషాల్లో పడింది.

చిన్నమ్మమ్మ మనవడి కారులో మధ్యాహ్నం రెండు గంటలకు తోట చేరాను. ఆవిడ నా మొహాన్ని రెండు చేతులతో పట్టుకుని కిటికీ వైపు తిప్పింది. "మా అక్క ముక్కే" అంది. విమానాశ్రయం గదిలో జరిగిన సంగతి చెప్పాను. వెంటనే ఆవిడ ఇరుగుపొరుగు వాళ్లందరినీ కేకేసి పిలిచింది.

"ఇదిగో సూడండి, మా అక్క మనవరాలు. సారా కొట్టు కాల్సీసి జైలుకెల్లొచ్చింది."

మా ఊళ్లో పదమూడేళ్లుగా గొంతు తగ్గించి చెప్పుకున్న మాట అక్కడ వరండాలో అంత గట్టిగా వినేసరికి నాకు ఏడుపొచ్చింది. సముద్రం అవతల ఆవిడకు అర్థమైంది మా వీధి చివరి వాళ్లకు ఎందుకు అర్థం కాలేదో నాకిప్పటికీ తెలియదు. నేను చేసింది తప్పని కోర్టు అంది, జరిమానా కట్టాను, కూర్చోమన్నంతసేపు కూర్చున్నాను. అక్కడితో దాని బాకీ తీరింది. దాన్ని జీవితాంతం దాచిపెట్టుకోవాలని ఏ తీర్పులోనూ రాయలేదు.

ఇలాంటి పాత కేసుతో ప్రయాణం కట్టేవాళ్లకు ఒక్క సలహా. వీసాకు నెల ముందే కోర్టులో ధ్రువీకరించిన తీర్పు నకలుకు దరఖాస్తు పెట్టండి, జరిమానా రసీదుతో కలిపి చేతిసంచీలో ఉంచుకోండి. ఏం చేశారని అడిగితే ఆ కాగితం ఇవ్వండి. ఎందుకు చేశారని అడిగితే మాత్రం కాగితం పక్కన పెట్టి, మీ నోటితో చెప్పండి.