దాటని అంజయ్య

మేడ్చల్ నుంచి సికింద్రాబాద్ దాకా జీపు నడిపే అంజయ్య, ముందున్న బండిని దాటాల్సివస్తే పిల్లనివ్వమని అడిగినంత మర్యాదగా అడిగేవాడు. అవతలివాళ్లు ఒప్పుకోకపోతే దాటేవాడు కాడు.

ఈ సంగతి అందరికన్నా ఎక్కువగా అనుభవించినవాడు, రోజూ ఆ జీపులోనే పోయే రాజారావు మాస్టారు. ఆయన ఇల్లు మేడ్చల్లో, హెడ్మాస్టరు ఉద్యోగం కొంపల్లి దగ్గర ఒక బళ్లో. నాలుగు లేన్ల రోడ్డు పడ్డ కొత్తల్లో, ఇక పొద్దున ఇంకో దోసె తిని తీరుబడిగా బయల్దేరవచ్చని ఆయన లెక్క వేసుకున్నాడు. ఆ లెక్కలో అంజయ్యను కలపడం మరిచిపోయాడు.

దాటడమంటే అంజయ్యకు పెద్ద తంతు. ముందు అద్దంలో చూస్తాడు. తర్వాత తల బయటపెట్టి, అద్దం నిజమే చెప్పిందా అని చూస్తాడు. సిగ్నల్ వేస్తాడు, సిగ్నల్ మీద నమ్మకం లేక చెయ్యి చాపుతాడు, రెండుసార్లు మెత్తగా హారన్ కొడతాడు. కుడివైపు నుంచి దాటాక, వెనకబడ్డ బండి మొత్తం తన అద్దంలో కనబడేదాకా ఎడమకు రాడు. వచ్చాక కిటికీలోంచి చెయ్యెత్తి సలాం కొడతాడు. ఒకసారి ఆ సలాం చూసిన నాగపూర్ లారీ డ్రైవరు తన టైరేదో పేలిందనుకుని బండి ఆపి దిగాడు. అంజయ్యా ఆగాడు. సంగతి తెలిశాక డ్రైవరు అయిదు నిమిషాలు నవ్వి, రెండు చాయ్‌లు చెప్పాడు. జీపులోని పదకొండుమందీ వాళ్లు తాగడం చూస్తూ కూర్చున్నారు.

ఇక ఎడమ పక్క నుంచి దూరిపోవడమంటే, అతని దృష్టిలో పరాయివాళ్ల వంటింట్లోకి చెప్పులతో పోవడమే. ఒకనాడు వరిగడ్డి ట్రాక్టరొకటి కుడి లేన్లో తిష్ట వేసింది. ఎడమ లేను బోసిగా పడివుంది.

"ఎడమదిక్కుకెల్లి పోనియ్యరాదు అంజయ్యా," అన్నాడు మాస్టారు.

"గది తప్పు సార్. ఆయనకే యాదికొచ్చి పక్కకు జరుగుతడు."

కండ్లకోయ వచ్చేదాకా ఆయనకు యాదికి రాలేదు. పెళ్లికి పోతున్న విజయమ్మ కుటుంబం జీపు దిగేసరికి పట్టుచీరల నిండా గడ్డిపరకలు. "పెండ్లికొచ్చిన్రా, కల్లంలకెల్లి వచ్చిన్రా?" అని వియ్యాలవారు అడిగారట.

తనను ఎవరు ఎటు నుంచి దాటుకుపోయినా అంజయ్యకు కోపం రాదు. సుమో ఒకటి ఎడమ నుంచి దూసుకుపోతే, "పాపం, పొయ్యి ఆర్పకుంట వచ్చినట్టుండు," అనేవాడు. మోటారుసైకిలు రాసుకుంటూ పోతే, "కడుపునొప్పేమో సార్." ఒకరోజు వరసగా తొమ్మిది కార్లు పోయాయి.

"గింతమందికి ఒక్కపారే కడుపునొప్పా?" అని మాస్టారు నిలదీశాడు.

అంజయ్య అద్దం సర్దుకుంటూ, "ఒకటే దావత్‌ల తిన్నరేమో," అన్నాడు.

ఇక్కడ ఒక మాట ఒప్పుకోవాలి. బడి గోడ మీద వేగం కన్నా ప్రాణం మిన్న అని ఎర్ర రంగుతో రాయించింది రాజారావు మాస్టారే. ఏటా దానిమీద వ్యాసం కూడా రాయించేవాడు. అయితే అది పిల్లల కోసం.

డిసెంబరులో ఒక పొద్దున, తొమ్మిదింటికి బడికి తనిఖీ అధికారి వస్తున్నాడు. హాజరు పుస్తకాలు మాస్టారి సంచిలో ఉన్నాయి. ఎనిమిదికి జీపు కదిలింది. ఊరు దాటగానే మంచు కమ్మేసింది. ముందు ఒక మోపెడ్, దానికి అటూ ఇటూ పాలక్యాన్లు, ఎడమ లేను అంచున నడక కన్నా కాస్త నయంగా పోతోంది. కుడి లేను ఖాళీ. అంజయ్య సిగ్నల్ లైట్లన్నీ వెలిగించి, దాని వెనకే నింపాదిగా నడిపాడు.

"గిప్పుడు దాటు అంజయ్యా. చెయ్యి సాపు, సలాం గొట్టు, ఏమన్న జెయ్యి."

"గీయినను దాటద్దు సార్."

"నీకేమన్న సుట్టమా?"

"కాదు. అమీర్ అలీ అని, శామీర్‌పేట ఆయన. హోటళ్లకు పాలు పోస్తడు."

మాస్టారికి తిక్కరేగింది. సంచి చంకన పెట్టుకుని, దిగి నడిచిపోతానని తలుపు మీద చెయ్యి వేశాడు. అంజయ్య ఆయనవైపు చూడలేదు, అద్దంలోకే చూస్తున్నాడు. అంతలో వెనక మంచును చీల్చుకుంటూ లారీ ఒకటి మీదికి వచ్చింది. జీపు లైట్లు చూసి ఒక్క ఉదుటున కుడికి మళ్లి, కీచుమంటూ పక్క నుంచి వెళ్లిపోయింది. మాస్టారు తలుపు మీంచి చెయ్యి తీసేశాడు. ఆ గాలికి మోపెడ్ ఊగి, మళ్లీ సర్దుకుంది. అప్పుడు చూశాడాయన, దానికి వెనక లైటు లేదు. నడిపే ముసలాయన చెవులు కూడా కనబడకుండా మఫ్లర్ చుట్టుకున్నాడు.

"లైటు పెట్టించుకోడా?"

"మెకానిక్‌కు జెప్పి నేనే రెండుపార్లు పెట్టిపిచ్చిన. క్యాన్లు తగిలి పలుగుతాంది. అందుకే మంచు వడ్డ దినాలల్ల గిట్ల ఎనకవడి పోత."

"నువ్వు వెనకొస్తున్నవని ఆయనకు తెల్సా?"

"తెల్వద్దు సార్. తెలిస్తే మొహమాటానికి, నాకు తొవ్వ ఇయ్యాలని మట్టిలకు దిగుతడు. పాలన్ని పారవోసుకుంటడు."

గుండ్లపోచంపల్లి మలుపులో మోపెడ్ ఎడమకు తిరిగింది. అమీర్ అలీ వెనక్కి చూడనేలేదు. అంజయ్య సిగ్నల్ లైట్లు ఆర్పి గేరు మార్చాడు.

మాస్టారు చేరేసరికి తొమ్మిదీ ఇరవై. అధికారి గేటు దగ్గరే నిలబడి, ఆలస్యానికి కారణం అడిగాడు. ముప్ఫై ఏళ్ల సర్వీసులో వాడిన కారణాలన్నీ, బస్సు చెడిపోవడం దగ్గర్నుంచి దూరపు చుట్టం పోవడం దాకా, మాస్టారి నాలుక చివరే ఉన్నాయి. ఒక్కటీ బయటికి రాలేదు.

"పాలాయన ముందల పోతుండె సార్," అన్నాడు.

అధికారికి ఏమీ అర్థం కాలేదు. అర్థం కాకపోయినా మెమో ఇవ్వవచ్చు కనుక ఇచ్చాడు.

మళ్లీ మంచు పడి, జీపు అమీర్ అలీ మోపెడ్ వెనకే పోతున్న రోజున, రాజారావు మాస్టారు బడి నుంచి స్కౌట్ పిల్లల ఎర్రజెండా తెచ్చుకుని, జీపు వెనక అంచున కూర్చుని, వచ్చే ప్రతి లారీకీ ఊపుతున్నాడు. కాలేజీకి పోయే శ్రీజ వాచీ చూసుకుంది.

"సార్, జర దాటమని చెప్పుండ్రి. క్లాసుకు లేటైతాంది."

"మస్తు లేటైతాందా బిడ్డా?"

"మస్తు ఐతాంది సార్."

"అయితే దిగి నడువు. మాకంటే ముందుగాల నువ్వే చేరతవ్," అన్నాడు మాస్టారు, జెండా దించకుండానే.