మేం పెట్టిన వాకర్

తొలి కాన్పు పుట్టింట్లో చేసి, ఐదో నెలలో తల్లినీ పిల్లనూ అత్తగారింటికి పంపేటప్పుడు ఊరికే పంపరు. తొట్టె, పరుపు, వెండి గిన్నె, కాళ్లకు కడియాలు, ఇరుగుపొరుగు ముట్టుకుని చూసే సామానంతా వెంట పోవాలి. మాది మొయినాబాద్‌లో చిన్న కరెంటు సామాన్ల దుకాణం. బిడ్డను ఇచ్చింది ముడిమ్యాలలో పొలాలూ పలుకుబడీ ఉన్న ఇంటికి. అందుకని మా ఆయన తాహతు మరిచిపోయి, అన్నిటి మీదా గులాబీ రంగు వాకర్ ఒకటి పెట్టించాడు. గుండ్రటి చట్రం, కింద చక్రాలు, మధ్యలో పిల్ల కూర్చునే గుడ్డ సీటు, ముందున్న పళ్లేనికి గిలకలు. సామాను దించుతుంటే అక్కడి ఆడవాళ్ల కళ్లు మొదట దాని మీదే పడ్డాయి. నాకూ గర్వంగానే అనిపించింది, అబద్ధమెందుకు.

మా వియ్యంకుడు ఒకసారి సర్పంచ్‌గా చేసినవాడు, మళ్లీ చేయాలని ఉన్నవాడు. పొద్దున్న లేచింది మొదలు ఆ ఇంటి వరండాలో మనుషులే మనుషులు. భూమి తగాదాలు, పింఛన్లు, పెళ్లి పిలుపులు, అన్నీ అక్కడే. వరండా నడుమెత్తు ఉంటుంది. నున్నటి గ్రానైటు బండలు, ముందర మెట్లు, మెట్ల కింద సిమెంటు వాకిలి. గ్రిల్ లేదు. కట్టేటప్పుడే వద్దన్నాడట. "గ్రిల్ పెడితే జైలు లెక్క కొడ్తది. మనిషి లోపలికి రావాల్నంటే జంకుతడు" అని.

ఆ ఇంట్లో మా బిడ్డ పని చాయ్ పెట్టడం. ఒక గుంపు తాగి లేచేసరికి ఇంకో గుంపు వస్తుంది. పిల్లను కింద వదులుదామంటే బండల నిండా చెప్పుల దుమ్ము, ఎత్తుకుందామంటే చేతులు ఖాళీ లేవు. వియ్యపురాలికి మోకాళ్ల నొప్పులు. కాబట్టి పిల్ల సరిగ్గా కూర్చోవడం నేర్చిందో లేదో, వాకర్‌లోకి ఎక్కింది. కాళ్లు నేలకు పూర్తిగా ఆనేవి కూడా కాదు. మునివేళ్లతో తన్నుకుంటూ ఆ కొస నుంచి ఈ కొసకు దూసుకుపోయేది. వచ్చినవాళ్లంతా చప్పట్లు కొట్టేవాళ్లు. ఆ వాకర్ లేకపోతే మా బిడ్డకు అన్నం తినడానికి కూడా తీరిక ఉండేది కాదు, ఆ మాట కూడా ఒప్పుకోవాలి.

పిల్లకు జలుబు చేస్తే చేవెళ్ల దవాఖానకు తీసుకుపోయాం. నేనూ వెంట ఉన్నాను. డాక్టరమ్మ మందులు రాసి, పిల్లను చంకల కింద పట్టుకుని బల్ల మీద నిలబెట్టింది. పిల్ల మడమలు ఆనించకుండా మునివేళ్ల మీద నిలబడింది.

"వాకర్ వాడుతున్నరా?" అంది డాక్టరమ్మ.

"ఆ మేడం, మా అమ్మోళ్లు పెట్టిండ్రు" అని మా బిడ్డ మురిపెంగా చెప్పింది.

"తీసెయ్యండమ్మా. దాంతోని నడక రాదు. పిల్ల కింద పాకాలె, పట్టుకొని లేవాలె, పడాలె, మళ్ల లేవాలె. నడక అట్ల వస్తది. వాకర్‌ల ఉన్న పిల్ల మీరు లేచి పట్టుకునేలోపే మెట్ల దాంక పోతది, పొయ్యి దాంక పోతది. పక్కన మనిషి ఉన్నా ఆపలేరు. కెనడాల అయితే అమ్మనే అమ్మనియ్యరు."

ఆ మెట్లు నా కళ్ల ముందు కదిలాయి. ఇంటికి పోగానే వియ్యపురాలికి ఉన్నదున్నట్టు చెప్పాను. ఆమె చెడ్డ మనిషి కాదు. పిల్ల అంటే ప్రాణం.

"అక్కడ మంచు పడ్తదంట వదినా, జారుతరు. మనకేం మంచు?" అని నవ్వింది. "మీరే పెట్టి మీరే వద్దంటే ఎట్ల? పిల్ల ఎంత ఖుషీగ తిరుగుతున్నదో చూడుండ్రి."

పెట్టినవాళ్లం మేమే. ఒక గ్రిల్ అయినా పెట్టిద్దామంటే వియ్యంకుడు, "ఎలక్షన్లు దగ్గరికొచ్చినయ్ చెల్లె, ఇప్పుడు గ్రిల్ పెడితే మంది ఏమనుకుంటరు?" అన్నాడు. నేనే ఒక బెంచీ ఈడ్చి మెట్లకు అడ్డంగా పెట్టాను. తర్వాత వచ్చిన మొదటి మనిషే దాన్ని పక్కకు జరిపి, పైకి వచ్చి, దాని మీదే కూర్చున్నాడు.

అదే రోజు పిల్ల సర్రున వచ్చి టీపాయికి గుద్దుకుని, చాయ్ గ్లాసులున్న పళ్లేన్ని లాగింది. పొగలు కక్కే చాయ్ దాని కాలికి జానెడు దూరంలో పారింది. "నాయకురాలైతది, అన్నీ నాకే కావాల్నంటది" అని ఎవరో అంటే అందరూ పగలబడి నవ్వారు. నేను వంటింట్లోకి పోయి మా బిడ్డ మీద విరుచుకుపడ్డాను. నువ్వైనా నోరు తెరిచి చెప్పవేందే అని.

అది స్టవ్ మీది గిన్నెనే చూస్తూ చెప్పింది. "చెప్పిన అమ్మా. పిల్లను నువ్వే చూసుకో, చాయ్ ఎవరు పెడ్తరో చెప్పు అన్నరు. నువ్వు ఇంకేమనకు. నువ్వు సాయంత్రం మనింటికి పోతవ్. ఈడ ఉండాల్సింది నేను."

అడకత్తెరలో పోకచెక్క అంటారే, మా బిడ్డ బతుకు అట్లా ఉంది. ఇంకొంచెం గట్టిగా మాట్లాడితే దాన్ని ఇంకొంచెం ఇరికించినట్టే. ఇంత నోరున్న దాన్ని, మా వీధిలో నీళ్ల పంపు దగ్గర నన్ను గెలిచినవాళ్లు లేరు, ఆ ఇంట్లో మాత్రం నోరు కుట్టుకుని కూర్చున్నాను.

నోరు పని చేయకపోతే చేతులు పని చేస్తాయి. మరోసారి పోయినప్పుడు, మధ్యాహ్నం అందరూ కునుకు తీస్తుంటే, వాకర్‌ను తిరగేసి ఒక చక్రం పట్టి మెలితిప్పి లాగాను. ఊడి వచ్చింది. అది నా చేతి సంచిలో, చీర మడతల కింద మొయినాబాద్ చేరింది.

మర్నాడే వియ్యపురాలు ఫోన్ చేసింది. "వదినా, ఏమనుకోకుండ్రి. మీరు పెట్టిన బండి గీర ఊడిపోయింది. ఇల్లంత దేవులాడినం, దొరకలే." నేను నొచ్చుకుంటానని ఆమె భయం.

"పోనీ వదినా, జర ఒక చాప ఏసి కింద వదులుండ్రి. ఆడుకుంటది" అన్నాను, దొంగ వినయంతో.

ఆ తర్వాత కొన్నాళ్లు నాకు హాయిగా నిద్ర పట్టింది. మా బిడ్డ వీడియోలు పంపేది. పిల్ల చాప దాటి పాకుతోంది, మోకాళ్లు మాసిపోయాయి, మంచం కోడు పట్టుకుని లేస్తోంది, కూలబడుతోంది, మళ్లీ లేస్తోంది. ఒకనాడు మడమలు ఆనించి నిలబడి, మంచం పట్టె పట్టుకుని అడుగు పక్కకు వేసింది. ఆ వీడియో చూపించని ఇల్లు మా వీధిలో లేదు. వియ్యపురాలు ఫోన్ చేసి, "అడుగులు పడ్డయ్ వదినా, అరిసెలు తేవాలె మరి" అంది. పిల్ల అడుగేస్తే అమ్మమ్మ ఇంటి నుంచి అరిసెలు పోవాలి. సంబరంగా పిండి దంపించి, పాకం పట్టి, డబ్బా నిండా చేశాను.

పొద్దున్నే బస్టాండుకు పోదామని ఆటో ఎక్కబోతే వెనక సీటులో పెద్ద అట్టపెట్టె ఉంది. మా ఆయన మెహదీపట్నం పోయి కొత్త వాకర్ తెచ్చాడట. లైట్లు వెలుగుతాయి, పాటలు వస్తాయి, పాతదానికంటే వెడల్పు.

"వద్దని ఎన్నిసార్లు చెప్పిన నీకు? డాక్టరమ్మ ఏమన్నదో చెప్పలేదా?"

"మనం పెట్టింది ఇన్ని రోజులకే ఇరిగిందంటే మన ఇజ్జత్ ఏం గావాలె?" అన్నాడు. "మన బిడ్డ మూడు గీరల బండితోని నడవలేదా?"

"అది కట్టెబండి. నిలబడి, దాన్ని నూకుకుంట నడిచింది. ఇది కూసోబెట్టి ఉరికించేది."

"బండి బండే" అన్నాడు. చక్రం నా దగ్గరే ఉందని చెబుదామా అనుకున్నాను. చెబితే దాన్ని కూడా పట్టుకుపోయి పాతదానికి బిగించి వస్తాడు, ఆ మనిషి పనే బిగించడం.

పెనం మీద నుంచి పొయ్యిలో పడ్డట్టయింది. ముడిమ్యాల చేరితే అరిసెల డబ్బా ఎవరూ పట్టించుకోలేదు. కొత్త వాకర్ పాట పాడగానే వరండా అంతా చప్పట్లు. పిల్లను అందులో వేశారు. అది కేరింతలు కొడుతూ, మళ్లీ మునివేళ్ల మీద, బాణంలా మెట్ల వైపు వచ్చింది. నేను పోయి మెట్ల పైన, వరండా అంచున, వాకిలి వైపు తిరిగి కూర్చున్నాను. వాకర్ వచ్చి నా వీపుకు తగిలి ఆగింది. పిల్ల కిలకిలా నవ్వి, వెనక్కి పోయి, మళ్లీ వచ్చి గుద్దింది. అది దానికి ఆటయింది.

"కింద కూసున్నవేంది చెల్లె, కుర్చీల కూసో" అన్నాడు వియ్యంకుడు.

"ఈడ గాలి మంచిగున్నదన్నా" అన్నాను.

వచ్చేవాళ్లు నన్ను తప్పుకుని ఎక్కారు. అన్నానికి కూడా కదలలేదు, కంచం అక్కడికే తెప్పించుకున్నాను. మా బిడ్డకు తెలుసు నేనెందుకు కూర్చున్నానో. కంచం ఇచ్చి, నా భుజం మీద కాసేపు చెయ్యి ఉంచి పోయింది. వీపు నొప్పి పుట్టింది. పిల్ల మాత్రం అలసిపోలేదు.

పొద్దు వాలింది. ఆటో హారన్ మోగింది. "నడువ్, మళ్ల చేవెళ్లల బస్సు దొరకదు" అని మా ఆయన కేకేశాడు. "వదినా, జర మీరు ఈడ కూసుంటరా?" అని వియ్యపురాలిని అడిగాను. "నా మోకాళ్లు కిందికి వంగుతయా వదినా?" అంది పాపం. లోపలి నుంచి చాయ్ గిన్నె చప్పుడు వినిపిస్తోంది. లేచాను.

ఆటోలో కూర్చుని వెనక్కి చూశాను. పిల్ల అలవాటుగా నా వీపును గుద్దడానికి వస్తోంది. పాట పాడుకుంటూ, నవ్వుకుంటూ, నేను కూర్చున్న చోటికే. మెట్ల పక్కన కుర్చీలో ఉన్న పెద్దమనిషి ఒకాయన కాలు చాపి ఆపాడు. అందరూ నవ్వి, నాకు చేతులూపారు. ఆయన చాయ్ గ్లాసు అప్పటికే ఖాళీగా ఉంది, ఇక లేచి పోయేవాడే. ఆటో కదిలింది.