లిఫ్టు దిగి నడిచి వచ్చిన మనిషి

ఆ వీధిలో అతన్ని అందరూ లిఫ్టు మేస్త్రి అనేవారు. ఇరవై రెండేళ్ళు లిఫ్టుల కంపెనీలో పనిచేశాడు. ఏ భవనంలో లిఫ్టు ఎక్కినా ముందు కళ్ళు మూసుకుని చప్పుడు వినేవాడు. రెండు అంతస్తులు దాటేలోపు ఏది అరిగిందో, ఏది వదులైందో చెప్పేసేవాడు. ఎవరింటికైనా చుట్టపుచూపుగా వెళ్ళినా సరే, మనుషులను పలకరించక ముందే లిఫ్టును పలకరించి వస్తాడని భార్య దెప్పుతూ ఉండేది.

అలాంటి మనిషి ఒక బట్టల దుకాణంలో లిఫ్టు పెట్టె మీద నిలబడి తీగలు చూస్తూ కాలు జారి, అంతస్తున్నర లోతుకు పడిపోయాడు. ప్రాణం దక్కింది. నడుము దగ్గర రెండు పూసలు నలిగాయి. కుడికాలు మాట వినడం పూర్తిగా మానేసింది. ఎడమకాలు వింటుంది గానీ, అడిగిన కాసేపటికి వింటుంది. రెండు చేతికర్రల మీద మంచం నుంచి స్నానాల గది దాకా పదకొండు అడుగులు, మధ్యలో బీరువాకు ఆనుకుని ఒక విశ్రాంతి: అతను స్వయంగా చేయగలిగిన ప్రయాణం అంతవరకే. పావుగంట మించి కూర్చుంటే నడుములో నిప్పు రాజుకునేది.

కంపెనీవాళ్ళు ఆసుపత్రి ఖర్చు పెట్టుకున్నారు. అతని సేవలను కొనియాడుతూ అద్దాల ఫ్రేములో ఒక ప్రశంసాపత్రం కూడా ఇచ్చారు. ఇంట్లో మేకు కొట్టడం తెలిసిన ఒకే ఒక్క మనిషి మంచం మీద ఉండడంతో అది గోడ ఎక్కలేదు.

భార్య మందుల షాపులో కౌంటరు దగ్గర పనిచేసేది. పొద్దున్నే అతనికి స్నానం చేయించి, వంట చేసి, మంచినీళ్ళూ మాత్రలూ ఫోనూ చేతికందేలా పెట్టి వెళ్ళేది. ప్రభుత్వం ఇలాంటివాళ్ళకు వైకల్య భత్యం ఇస్తుందని షాపుకొచ్చినవాళ్ళెవరో చెబితే, దరఖాస్తు తెచ్చింది. ముప్ఫై ఆరు పేజీలు. నింపే బాధ్యత ఆమె తమ్ముడు తీసుకున్నాడు. ఈ బావమరిదికి నోటరీ ఆఫీసులో టైపు చేసే ఉద్యోగం. అందువల్ల చట్టమంతా తన వేళ్ళ గుండానే పోతుందని అతని నమ్మకం.

రెండు నెలలకు పరీక్షకు రమ్మని ఉత్తరం వచ్చింది. నడవలేనివాళ్ళను పరీక్షించే ఆఫీసు నాలుగో అంతస్తులో ఉంది. ముగ్గురూ ఆటోలో వెళ్ళేసరికి లిఫ్టు తలుపు మీద మరమ్మతులో ఉందని బోర్డు వేలాడుతోంది. బోర్డు మీద దుమ్ము చూస్తేనే అది నిన్న మొన్న పెట్టింది కాదని మేస్త్రికి అర్థమైంది. బావమరిది పైకి ఫోన్ చేసి సంగతి చెప్పాడు. పైకి రాలేకపోతే హాజరు కానట్టు రాసుకుంటామనీ, హాజరు కానివాళ్ళకు భత్యం అవసరం లేనట్టు లెక్కనీ అవతలి గొంతు మర్యాదగానే చెప్పింది.

చివరికి వాచ్‌మన్‌కి జాలి కలిగింది. తన ప్లాస్టిక్ కుర్చీలో మేస్త్రిని కూర్చోబెట్టి, ఒక పక్క తానూ, ఇంకో పక్క బావమరిదీ పట్టుకుని మోశారు. ప్రతి మలుపులోనూ దించి ఊపిరి పీల్చుకున్నారు. మూడో అంతస్తు దగ్గర బావమరిది రాజ్యాంగం గురించి మాట్లాడడం మానేశాడు. నాలుగో అంతస్తులో గది గుమ్మం దాటించి కుర్చీని అలాగే బల్ల ముందు దింపారు.

పరీక్ష చేసే మేడమ్ కంప్యూటర్ వైపు తిరిగి కూర్చుని ఉంది. ఆమెకు రోజుకు పదకొండు మంది, మనిషికి ఇరవై నిమిషాలు. తెర మీద ఒక ప్రశ్నకు గడి నింపితే గాని తర్వాతి ప్రశ్న రాదు. అందుకని ఆమె కళ్ళు గడుల మీద, చెవులు అతని మీద పెట్టింది. మొత్తం మీద రెండుసార్లు తలెత్తింది. ఒకసారి ఫ్యాను వైపు, ఒకసారి గడియారం వైపు.

వంట చేసుకోగలరా అని అడిగింది. ఒంట్లో బాగున్న రోజుల్లో కూడా నాకు నీళ్ళు కాచడం రాదని మా ఆవిడ అంటుంది అన్నాడు మేస్త్రి, వాతావరణం తేలిక చేద్దామని. కుక్క ఏదైనా ఉందా అంది. పక్కింటివాళ్ళకుంది, రాత్రంతా అరుస్తుందన్నాడు. నడక అలవాటుందా అంది. ఒకప్పుడు రోజూ నదిదాకా నడిచేవాడినన్నాడు. నొప్పిగా ఉందా అంది. ఉందన్నాడు. అలవాటు కొద్దీ నవ్వుతూ అన్నాడు. ఎదుటి మనిషి పనిలో ఉంటే మొహం చిట్లించకూడదని అతనికి చిన్నప్పటి నుంచీ ఉన్న మర్యాద. ఆ మర్యాదే కొంప ముంచుతుందని అప్పుడు తెలియదు.

నలభై రోజులకు పద్నాలుగు పేజీల నివేదిక వచ్చింది. భార్య గట్టిగా చదువుతుంటే మిగతా ఇద్దరూ విన్నారు. దరఖాస్తుదారుడు తేలికపాటి వంట చేసుకోగలడు, నీళ్ళు కాచుకోవడం గురించి స్వయంగా ప్రస్తావించాడు. కుక్కతో కాలక్షేపం ఉంది. రోజూ నదిదాకా నడుస్తాడు. తల చక్కగా దువ్వుకుని వచ్చాడు కాబట్టి చేతులు తలపైకి లేస్తాయి. ఆ తల దువ్వింది తానే కావడంతో భార్య అక్కడ కాసేపు ఆగింది. నొప్పి ఉందని నవ్వుతూ చెప్పాడు, కనుక లేదు. ఎడమకాలిలో స్వల్ప ఇబ్బంది. కుడికాలు మామూలు. లిఫ్టు దిగి, సుమారు నలభై మీటర్ల వరండా ఆగకుండా నడిచి, గదిలోకి వచ్చి కుర్చీ లాక్కుని కూర్చున్నాడు.

తొమ్మిదో పేజీలో, ప్రసవమై నాలుగు నెలలు కావడం వల్ల నీరసం సహజమేనని ఉంది.

ఎవరి నివేదికలోని వాక్యమో జారి ఇందులో పడింది. ముగ్గురూ ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. భత్యం రావాలంటే అవసరమైనవి పన్నెండు పాయింట్లు, వచ్చినవి రెండు. ఆ రెండూ ప్రసవానికే వచ్చి ఉంటాయని మేస్త్రి అన్నాడు.

నవ్వడం అయ్యాక మేస్త్రి నివేదికను చేతిలోకి తీసుకున్నాడు. ఆ కాగితాల్లో ఉన్న మనిషి తనకంటే చాలా సుఖంగా ఉన్నాడని అతనికి అనిపించింది. వంట చేసుకుంటాడు, కుక్కను పెంచుకుంటాడు, నదిదాకా నడుస్తాడు. ఆ మనిషి మీద అసూయ కూడా కలిగింది.

పునఃపరిశీలనకు బావమరిది పదకొండు పేజీల ఉత్తరం టైపు చేశాడు. మానవజాతి పుట్టుకతో మొదలుపెట్టి, ఏడో పేజీలో బావగారి దగ్గరికి వచ్చాడు. భార్య దానికి ఆసుపత్రి కాగితాలు జత చేసి, ఒక తెల్లకాగితం మీద తన చేత్తో తొమ్మిది తప్పులు విడిగా రాసింది. ఐదు వారాలకు జవాబు వచ్చింది. మీ అభ్యంతరాలను నివేదికతో పోల్చి చూశామనీ, అవి నివేదికకు విరుద్ధంగా ఉన్నందువల్ల అంగీకరించలేకపోతున్నామనీ రాశారు. ఒక సవరణ మాత్రం చేశారు. ఈలోగా రెండు నెలలు గడిచాయి కాబట్టి, తొమ్మిదో పేజీలో నాలుగు నెలలను ఆరు నెలలుగా మార్చారు.

ఇక మిగిలింది అప్పీలు బోర్డు. గెలవాలంటే హక్కుల మీద గట్టిగా వాదించాలని బావమరిది పుస్తకాలు తెచ్చి పేర్చాడు. మేస్త్రికి ఆ పుస్తకాల మీద గురి లేదు. భార్య షాపుకెళ్ళాక, మధ్యాహ్నాలు మంచం మీద పడుకుని నివేదికనే మళ్ళీ మళ్ళీ చదివేవాడు. నొప్పి ఉందంటే లేదంటారు. వంట రాదంటే వచ్చంటారు. తన మాటకు వాళ్ళ మాట పోటీ, వాళ్ళ మాటకు ముద్ర ఉంది. ముద్ర ఉన్న కాగితాన్ని కొట్టాలంటే ముద్ర ఉన్న ఇంకో కాగితం కావాలి. ఇలా ఆలోచిస్తూ, అంతకుముందు చిన్న విషయమని వదిలేసిన వాక్యం దగ్గర ఆగాడు.

లిఫ్టు దిగి.

ఏ లిఫ్టుకైనా పైన మోటారు గదిలో ఒక లాగ్‌బుక్ ఉంటుంది. లిఫ్టు ఆపితే ఎప్పుడు ఆపారో, ఎందుకు ఆపారో, మళ్ళీ ఎప్పుడు నడిపారో రాసి సంతకం పెట్టాలి. ఇరవై రెండేళ్ళు అతను రాసింది అదే. ఆ భవనం ఇప్పుడెవరు చూస్తున్నారని కనుక్కుంటే, తన దగ్గర పని నేర్చుకున్న శిష్యుడే.

ఫోన్ చేశాడు. పుస్తకంలో అంతా ఉందని శిష్యుడు చెప్పాడు. తీగ చుట్టుకునే పెద్ద చక్రం పగిలింది, కొత్తది కొనడానికి మంజూరు రాలేదు, పరీక్ష రోజుతో కలిపి ఆ లిఫ్టు తొంభై ఏడు రోజులు కదల్లేదు. కాకపోతే పుస్తకం తాను ఇస్తే ఉద్యోగం పోతుందని, చెప్పలేక చెప్పాడు.

“నువ్వేం ఇవ్వొద్దురా. బోర్డువాళ్ళు అడిగితే దాచకు, అంతే,” అన్నాడు మేస్త్రి.

“దాచను గురువుగారూ. మీరు నేర్పినట్టే, ప్రతి రోజుకీ ఒక వరుస రాశాను,” అన్నాడు శిష్యుడు.

బావమరిది ఈసారి ఒకే ఒక్క పేజీ టైపు చేయాల్సి వచ్చింది. అతనికది అవమానంగానే తోచింది గాని, అక్క కళ్ళెర్రజేయడంతో ఊరుకున్నాడు. లాగ్‌బుక్ తెప్పించమని బోర్డును కోరారు. బోర్డు ఆఫీసుకు రాసింది. ఆఫీసు లాగ్‌బుక్‌తో పాటు తన సొంత కాగితాలు కూడా పంపింది. లిఫ్టు సంతృప్తికరంగా పనిచేయుచున్నది అని ప్రతి నెలా మొదటి తారీఖున ఒక అధికారి సంతకం చేసిన ధ్రువపత్రాలవి. ఆ మూడు నెలలకూ మూడు ఉన్నాయి. మేస్త్రి నడిచినట్టే లిఫ్టు కూడా కాగితాల మీద నిక్షేపంగా నడిచింది.

విచారణ వేరే భవనంలో, అదృష్టవశాత్తూ కింది అంతస్తులోనే జరిగింది. బోర్డులో ముగ్గురు. మధ్యలో కూర్చున్న అధ్యక్షురాలు తెల్లజుట్టు మనిషి, పూర్వం జడ్జిగా చేసిందట. ఆఫీసు తరఫున ఒక ప్రతినిధి వచ్చాడు. చక్కగా ఇస్త్రీ చేసిన చొక్కా, చేతిలో నివేదిక. పరీక్ష చేసిన మేడమ్ రాలేదు. ఆ రోజు కూడా ఆమెకు పదకొండు మంది ఉన్నారు.

నివేదిక శిక్షణ పొందిన నిపుణురాలు తయారుచేసినది కాబట్టి అనుమానించవలసిన పని లేదని ప్రతినిధి చెప్పాడు. లాగ్‌బుక్ మాటేమిటని అధ్యక్షురాలు అడిగింది. అది మెకానిక్ రాసుకున్న ప్రైవేటు పుస్తకమనీ, ధ్రువపత్రాలే అధికారికమనీ, వాటి ప్రకారం లిఫ్టు పనిచేస్తూనే ఉందనీ అన్నాడు. ఆమె రెంటినీ పక్కపక్కన పెట్టుకుని కాసేపు చూసింది. తర్వాత కళ్ళజోడు తీసింది.

“మీరు ఏ అంతస్తులో పనిచేస్తారు?”

“నాలుగో అంతస్తండి.”

“ఆ మూడు నెలలూ పైకి ఎలా వెళ్ళేవారు?”

ప్రతినిధి మొదట నివేదిక వైపు చూశాడు. అందులో జవాబు లేదు. ధ్రువపత్రాల వైపు చూశాడు. అక్కడున్న జవాబు నోటికి రాలేదు. పాపం, రోజూ నాలుగు అంతస్తులెక్కిన మోకాళ్ళు ఆయనవి.

“మెట్లెక్కి వెళ్ళేవాణ్ణి మేడమ్,” అన్నాడు మెల్లగా.

అధ్యక్షురాలు ఏదో రాసుకుని, మేస్త్రి వైపు తిరిగి, మరి మీరెలా వెళ్ళారని అడిగింది. వాచ్‌మన్ కుర్చీలో మోయించుకుని వెళ్ళానని చెప్పాడు. ఈసారి భార్య ముందే గట్టిగా చెప్పి ఉండడంతో, నవ్వకుండా చెప్పాడు.

దిగని లిఫ్టును దిగినట్టు రాసిన నివేదికలో మిగతా వాక్యాలను నమ్మడం కష్టమని బోర్డు పావుగంటలో తేల్చేసింది. ఆసుపత్రి కాగితాల ప్రకారం పాయింట్లు కొత్తగా వేసి, అధ్యక్షురాలు ఒక్కొక్కటే పైకి చదివింది. నడవలేడు. ఒక్కడూ స్నానం చేయలేడు. బట్టలు ఒక్కడూ వేసుకోలేడు. ఎక్కువసేపు కూర్చోలేడు, నిలబడలేడు. ఒక్కడూ బయటికి వెళ్ళలేడు. ప్రతిదానికీ సరేనా అన్నట్టు అతని వైపు చూసింది. ప్రతిదానికీ అతను తలూపాడు. పంతొమ్మిది పాయింట్లు వచ్చాయి. బావమరిది తానే వాదించి గెలిచినంత ఆనందంగా అందరితో చేతులు కలిపాడు.

ఇంటికొచ్చాక మేస్త్రి రెండు రోజులు సరిగ్గా మాట్లాడలేదు. మూడో రోజు సాయంత్రం షాపు నుంచి వచ్చిన భార్య, చెప్పులు విడిచి నేరుగా మంచం పక్కన కూర్చుంది.

“గెలిచిన మనిషి ఇలాగే ఉంటాడా?” అంది.

“ఇన్నేళ్ళూ ఇది చేయగలను, అది చేయగలను అని చెప్పుకుని బతికాను. మొన్న ఆవిడ చేయలేడు, చేయలేడు అని చదువుతుంటే అవునండీ, అవునండీ అని తలూపాను. ఒక్కటి మర్చిపోయినా పాయింటు పోతుందని భయపడ్డాను కూడా,” అన్నాడు.

ఆమె ఓదార్చలేదు. ఓదారిస్తే అతనికి మండుకొస్తుందని తెలుసు. తలగడ సరిచేస్తూ, “నోరు మూసుకుని పడుండలేడు అన్నది వాళ్ళు లెక్కలో వేయలేదు. ఇరవై దాటేవి,” అంది. అతను నవ్వాడు. నవ్వితే నడుము నొప్పి పుట్టింది, అయినా నవ్వాడు.

మరుసటి నెల నుంచి భత్యం రావడం మొదలైంది. రెండేళ్ళ తర్వాత మళ్ళీ పరీక్ష ఉంటుందని మంజూరు ఉత్తరం కింద చిన్న అక్షరాల్లో ఉంది, బహుశా ఈలోగా వెన్నుపూస మనసు మార్చుకుంటుందేమోనని. స్నానాల గదిలో పట్టుకోవడానికి కడ్డీలు బిగించారు. భార్య వెళ్ళాక మధ్యాహ్నం సాయానికి ఒకామెను పెట్టుకున్నారు. కొన్నాళ్ళకు చక్రాల కుర్చీ కూడా వచ్చింది.

కుర్చీ ఇంట్లోకి తోస్తుంటేనే అతను కళ్ళు మూసుకున్నాడు. ఎడమ చక్రం బేరింగు పొడిగా ఉందనీ, ఒక నట్టు వదులుగా ఉందనీ చెప్పి, పనిముట్ల సంచీ, నూనె సీసా అడిగాడు. కుర్చీని మంచం మీదికి వాల్చి పెట్టించుకుని, తలగడలకు ఆనుకుని, స్పానరుతో పని మొదలుపెట్టాడు. పడిపోయిన తర్వాత ఆ సంచీ తెరవడం అదే మొదటిసారి. ఈలపాట కూడా అందుకున్నాడు.

భార్య కాసేపు గుమ్మంలో నిలబడి చూసింది. ఆ తర్వాత కిటికీ దగ్గరికి వెళ్ళి, వీధిలో ఆ ఆఫీసు ప్రతినిధిలా చొక్కా ఇస్త్రీ చేసుకున్నవాళ్ళు ఎవరైనా ఉన్నారేమోనని అటూ ఇటూ చూసి, తెర లాగేసింది.