కండక్టరమ్మ ఇంటి చూరు కాలువ

కండక్టరమ్మ ఉద్యోగం మానేసి ఆరేళ్ళయింది గానీ పేరు మాత్రం ఆవిణ్ణి వదల్లేదు. ఇరవై తొమ్మిదేళ్ళు కదిలే బస్సులో ఏ కమ్మీ పట్టుకోకుండా నిలబడ్డ మనిషి. "నాది పాసండీ" అన్నవాడి మొహం చూసే, పాసుందో లేదో తేల్చేసేది. పెళ్ళెందుకు చేసుకోలేదని ఎవరైనా అడిగితే, "డ్యూటీ దిగేసరికి ఆ బస్సు వెళ్ళిపోయిందిలే" అని నవ్వేసేది. ఇంట్లో ఉండేది ఆవిడా, ఆవిడ అక్కా, అంతే.

అక్క బట్టలు కుట్టేది. వీధి వీధంతా ఆవిడ కుట్టిన జాకెట్లే. యాభై దాటాక కంట్లో ఒత్తిడి పెరిగి, ముందు ఎడమ కన్ను, తర్వాత కుడి కన్ను ఆరిపోయాయి. ఇంట్లో కర్ర వాడనని మొండికేసింది. పొద్దున లేవగానే కుడిచెయ్యి గోడకి ఆనించి, ఆ గోడ వెంబడే వంటింట్లోకి, అక్కణ్ణుంచి వెనక గుమ్మం దాకా చకచకా నడిచిపోయేది. ఎక్కడ సున్నం పెచ్చు లేచిందో, ఎక్కడ మేకుందో ఆవిడ వేళ్ళకి తెలుసు.

అందుకే గోడ సంగతి ముందు ఆవిడే చెప్పింది.

"ఒసేయ్, ఈ గోడకి జ్వరం దిగి చెమట పట్టినట్టుందే. చూడు, చేతికి ఎలా అంటుకుంటోందో."

"వానాకాలం కదక్కా, అన్ని గోడలూ అంతే," అంది కండక్టరమ్మ, చూడకుండానే.

వారం తిరక్కుండా ఒక పొద్దున, రాత్రంతా కురిసిన వాన వెలిశాక, అక్క గదిలోంచి కేక వినిపించింది. కండక్టరమ్మ చేతిలో గిన్నె అలాగే వదిలేసి పరిగెత్తింది. అక్క నేలమీద కూలబడి, కుడిచేతిని ఎడంచేత్తో పొట్టకి అదుముకుని ఉంది. ఫ్యాను స్విచ్చి కోసం తడుముతుంటే షాకు కొట్టింది. స్విచ్చి బోర్డు చుట్టూ గోడ నల్లగా, మెత్తగా, వేలుతో నొక్కితే దిగబడేలా ఉంది.

కండక్టరమ్మ అక్కని లేవదీసి మంచం మీద కూర్చోబెట్టింది. అక్క ముందే చెప్పింది, తను విన్లేదు.

కరెంటు పనివాడు వచ్చి ఆ గదికి వెళ్ళే తీగ తప్పించేశాడు. "వైరింగు నేను మారుస్తానమ్మా, గోడ ఆరాక. గోడ ఆరాలంటే పైనుంచి నీళ్ళు ఆగాలి. మీ చూరు కాలువ చూశారా? బోర్లా పడేటట్టుంది."

నిజమే. పెంకుల చివర్న వాన నీళ్ళు పట్టి మూలనున్న గొట్టంలోకి పంపే పొడుగాటి రేకు కాలువ నడుం విరిగినట్టు మధ్యలో కిందికి వేలాడుతోంది. నీళ్ళు గొట్టం దాకా పోకుండా అక్కడే పొర్లి, గోడమీంచి జారుతున్నాయి. ఆ గోడ వెనకే అక్క గది.

ఆ సాయంత్రమే కండక్టరమ్మ వేట మొదలుపెట్టింది. మొదటి కాంట్రాక్టరు కారులో వచ్చాడు. కళ్ళద్దాలు తియ్యకుండా, కింద నిలబడే పైకి చూసి, "కప్పు మొత్తం పోయింది మేడం, అంతా ఊడదీసి కొత్తది వెయ్యాలి" అన్నాడు. నిచ్చెన ఎక్కకుండా కప్పు పోయిందని ఎలా తెలిసిందని అడిగితే, "ఇరవై ఏళ్ళ అనుభవం" అన్నాడు. కండక్టరమ్మ ఆయన మొహంలోకి ఒక్క క్షణం చూసింది. టిక్కెట్టు లేదు.

రెండో అతను అసలు రాలేదు. తారు పూస్తే సరిపోతుందని ఫోనులోనే చెప్పేశాడు.

మూడో అతను నిచ్చెన భుజాన వేసుకుని వచ్చాడు. నలభై అయిదేళ్ళుంటాయి. మాట తక్కువ. నిచ్చెన మొదటి మెట్టు దగ్గర కాసేపు ఊరికే నిలబడ్డాడు. తర్వాత ఒక్కొక్క మెట్టూ లెక్కపెడుతున్నట్టు ఎక్కాడు. అరగంట పైనే ఉండి, దిగేటప్పుడు గుప్పెడు నల్లటి బురద పట్టుకొచ్చాడు.

"కప్పు బాగానే ఉందమ్మా. కాలువ వాటం పోయింది. కొక్కేలు బిగించిన చెక్క పుచ్చిపోయింది, అందుకే స్క్రూలు పట్టట్లేదు. ఈ ఒక్క వైపు చెక్క మార్చి, కొత్త కాలువ వేస్తే చాలు. మూడు రోజులు."

"ఇంతకు ముందు ఎవరింట్లో చేశారు?"

రెండు వీధుల అవతల ఒక ఇల్లు చెప్పాడు. కండక్టరమ్మ ఆ పూటే వెళ్ళి చూసింది. కాలువ గీత గీసినట్టుంది. ఆ ఇంటావిడ మాత్రం గొంతు తగ్గించింది. "పనికి వంక పెట్టలేమండీ. కానీ మనిషిని నమ్మలేం. సగంలో వదిలేసి పదకొండు రోజులు పత్తా లేడు."

కండక్టరమ్మ దారంతా ఆలోచిస్తూనే నడిచింది. మంచి పనీ, మాట నిలకడా రెండూ ఒకే మనిషిలో దొరకవా ఏం? చివరికి కాగితం మీద ఏ పని, ఎన్ని రోజులు, ఎంత పొడుగు కాలువ అన్నీ రాయించి, సంతకం పెట్టించుకుని పని అప్పజెప్పింది.

మొదటి రోజు సాయంత్రానికి పాత కాలువా పుచ్చిన చెక్కా దింపి, కొత్త చెక్క కొట్టి వెళ్ళాడు. రెండో రోజు రాలేదు. ఫోను మోగుతోంది గానీ ఎత్తడు. మూడో రోజూ అంతే. చూరు బోసిగా ఉంది. ఇప్పుడు గనక వాన పడితే పాత కాలువ పట్టిన ఆ కాసిని నీళ్ళు కూడా తిన్నగా గోడమీదికే. కండక్టరమ్మ కాలుగాలిన పిల్లిలా వీధి గుమ్మానికీ పెరటికీ తిరిగింది. వార్తల్లో వాన అన్నారు. అక్క మంచం హాల్లోకి మార్చారు. ఆ హాలు గోడల లెక్క చేతికి అలవాటు లేక అక్క రెండుసార్లు కుర్చీకి తగులుకుంది.

"నీ నోటికి భయపడి పారిపోయుంటాడే," అంది అక్క.

"దొరకనీ, నా నోరేంటో అప్పుడు చూపిస్తా."

నాలుగో రోజు మధ్యాహ్నం, ఆకాశం బూడిద రంగులోకి తిరిగాక, దిగాడు. భుజాన నిచ్చెన, దానిమీద పన్నెండడుగుల రేకు కాలువ ముక్కలు మూడు. కళ్ళు కిందికి దించుకుని, "వాన పడేలోపల అయిపోతుందమ్మా" అన్నాడు. తిట్టాల్సినవన్నీ నాలుక చివరిదాకా వచ్చాయి. మబ్బు వంక చూసి మింగేసింది.

రెండు ముక్కలు బిగించాడు. మూడోది ఒక చివర కొక్కెంలో పెట్టి, రెండో చివర చేత్తో ఎత్తుతుండగా గాలి లేచింది. వెంటనే చినుకులు, లావుగా. గచ్చుమీద పాచి ఉంది. నిచ్చెన కాళ్ళ కింద వేసిన గోనెపట్టా తడిసి, నిచ్చెన జానెడు దూరం జర్రున జారింది.

కండక్టరమ్మ ఒక్క దూకున వెళ్ళి రెండు కాళ్ళూ అడ్డం పెట్టి నిచ్చెన పట్టుకుంది. నిచ్చెన పై కొస చెక్క అంచుకి బెత్తెడు మేర ఆనుకుని ఆగింది. ఇరవై తొమ్మిదేళ్ళు సంచీ మోసిన ఎడం భుజం భగ్గుమంది.

"రేకు వదిలెయ్యి! దిగు!" అని అరిచింది. అతన్ని "మీరు" అనడం ఎప్పుడు మానేసిందో ఆవిడకే తెలీదు.

"వదిల్తే మీ నెత్తిమీదే పడుతుంది! మీరు తప్పుకోండి!"

"నేను తప్పుకుంటే నువ్వు పడతావ్!"

తలెత్తి చూసింది. రేకు అంచు తన మొహానికి సరిగ్గా పైన, గాలికి ఊగుతోంది. కత్తిలా ఉంది. అతని వణుకు నిచ్చెన గుండా తన అరచేతుల్లోకి వస్తోంది. అతను వదల్లేడు, తను కదల్లేదు. వాన హోరులో వీధిలోకి కేకేసినా వినిపించేట్టు లేదు.

వెనక తలుపు కిర్రుమంది.

"అక్కా, రాకు! జారుతుంది!"

"అరవకు. నిచ్చెన ఎక్కడుందో చెప్పు," అంది అక్క. అప్పటికే చెయ్యి తడిగోడకి ఆనించేసింది.

ఇంకో దారి లేదు. బస్సులో దిగేవాళ్ళకి చెప్పినట్టే కండక్టరమ్మ చెప్పింది. "గోడ వదలకు. ఒకటి... రెండు... ఇంకో నాలుగు. ఆగు. చెయ్యి చాపు, మెట్టు తగుల్తుంది. గోడకీ నిచ్చెనకీ మధ్యకి రా. కూర్చో. వీపు గోడవైపు పెట్టి, మడమలు నేలకి తన్నిపెట్టి, కింది మెట్టు నీవైపు లాగి పట్టుకో."

అక్క తడిగచ్చు మీద చతికిలబడింది. "పట్టుకున్నా. నువ్వు జరుగు."

"ఆపగలవా?"

"ముప్ఫై ఏళ్ళు మిషను తొక్కిన కాళ్ళే ఇవి. జరగవే ముందు!"

కండక్టరమ్మ చేతులు తీసేసింది. నిచ్చెన కదల్లేదు. మూడంగల్లో పక్కకి గెంతి, "వదిలెయ్!" అని కేకపెట్టింది. పన్నెండడుగుల రేకు గచ్చుమీద పడ్డ చప్పుడికి పక్కింటి కిటికీ తెరుచుకుంది. కండక్టరమ్మ మళ్ళీ పరిగెత్తుకెళ్ళి నిచ్చెనకి ఒళ్ళంతా ఆనించింది. అతను దిగాడు. దిగినవాడు ఆ వానలోనే కూర్చుండిపోయాడు.

వంటింట్లో కండక్టరమ్మ అతనికి తువ్వాలు ఇచ్చి, టీ గ్లాసు చేతికిచ్చింది. ఎవరూ అడక్కుండానే అతను చెప్పాడు.

"నాలుగు నెలల క్రితం పడ్డానమ్మా. రెండంతస్తుల మీంచి. ఇసుక కుప్ప మీద పడ్డాను కాబట్టి బతికాను. ఒళ్ళు బాగైంది గానీ... కొన్ని రోజులు పనున్న వీధి మొగ దాకా వచ్చి, నిచ్చెన అక్కడే దింపుకుని, మళ్ళీ ఎత్తుకుని వెళ్ళిపోతున్నాను. నిన్నా అంతే. మొన్నా అంతే."

"ఆ ముక్క ముందే ఏడవచ్చుగా?" కండక్టరమ్మ గొంతులో కోపం ఇంకా ఉంది.

"ఎత్తు చూస్తే భయపడే మేస్త్రీని ఎవరు పిలుస్తారమ్మా?"

కండక్టరమ్మ స్టూలు లాక్కుని అతని ఎదురుగా కూర్చుంది. తర్వాత, అక్కకి తప్ప ఇంతవరకూ ఎవరికీ చెప్పని మాట చెప్పింది. ఒకసారి తను బెల్లు కొట్టాక, మెట్టు మీంచి ఒకాయన జారిపడ్డాడు. తుంటి విరిగింది. తప్పు ఎవరిదీ కాదని తేల్చారు. కానీ ఆ తర్వాత నెలరోజులు బెల్లు తాడుమీదికి చెయ్యి వెళ్ళేది కాదు. డ్రైవరు వెనక్కి తిరిగి చూసి, ఏంటమ్మా అనేదాకా అలాగే నిలబడిపోయేది.

"ఎలా పోయిందమ్మా అది?" అన్నాడతను.

"పూర్తిగా పోలేదు. తర్వాత్తర్వాత ఆ డ్రైవరు ఏమీ అడక్కుండా, అద్దంలో తనూ చూసి తలూపేవాడు. అప్పుడు కొట్టేదాన్ని. సరే, రేపు ఒంటరిగా వస్తే గేటు తియ్యను. ఎవరున్నారు నీకు?"

"బావమరిది ఉన్నాడు. తాపీ పని. సిగ్గుపడి అడగలేదు."

"ఇక్కణ్ణుంచే అడుగు," అని ఫోను అతని ముందుకి తోసింది.

మర్నాడు ఇద్దరూ వచ్చారు. బావమరిది ఎత్తుకి ఎత్తు, లావుకి లావు. నిచ్చెన కాళ్ళ వెనక ఇటుకలు పేర్చి, పై కొస తాడుతో కట్టి, రాయిలా నిలబడ్డాడు. వంగిపోయిన రేకు పనికిరాదని కొత్తది తెచ్చారు. పనయ్యాక కండక్టరమ్మ పైపుతో పెంకులమీద నీళ్ళు కొట్టించి చూసింది. ఒక అతుకు దగ్గర చుక్క కారింది. మళ్ళీ ఎక్కించింది. ఎక్కేముందు అతను మొదటి మెట్టు దగ్గర ఆగడం, బావమరిది భుజంమీద చెయ్యి వెయ్యడం చూసి, చూడనట్టు మొహం తిప్పుకుంది.

గోడ ఆరడానికి నెలన్నర పట్టింది. స్విచ్చి బోర్డు తలుపుకి అవతలి వైపు పెట్టించారు. అక్క పాత చోటే తడుముకుంటూ ఇప్పటికీ కరెంటు పనివాణ్ణి తిడుతూ ఉంటుంది.

ఈమధ్య వీధి చివరి ఇంటాయన వచ్చి, తన ఇంటి కాలువ కూడా కారుతోందని, ఆ మేస్త్రీ మాటమీద నిలబడడని విన్నానని, నిజమేనా అని అడిగాడు.

"పని బాగా చేస్తాడు," అంది కండక్టరమ్మ. "ఒక్కణ్ణే పిలవకండి. ఇద్దర్నీ పిలవండి."