కోడిపుంజుల పట్టా

నది ఒడ్డు పల్లె గూస్ బెండ్‌లో ఏటా జూలై చివర జానపద సంగీతోత్సవం జరుగుతుంది. దానికి వచ్చే జనాన్ని చూస్తే మార్డెల్ ప్రోకోప్‌కు రోత పుడుతుంది. ఇరవై ఆరేళ్ళుగా పుడుతూనే ఉంది. అయినా ఆ నాలుగు రోజులూ వంటశాల తాళంచెవి ఆవిడ మెళ్ళోనే ఉంటుంది. ఇంకొకరిని ముట్టుకోనివ్వదు.

పొద్దున ఎనిమిదింటికి గేటు తీస్తారు. ఆరింటికే మూడు వందల మంది, చుట్టిన టార్పాలిన్ పట్టాలు చంకలో పెట్టుకుని గేటు ముందు నిలబడి ఉంటారు. అందరూ చదువుకున్నవాళ్ళే. పళ్ళ డాక్టర్లు, పంతుళ్ళు, కోర్టులో వాదించేవాళ్ళు. గేటు తెరుచుకుందో లేదో, వెనకాల ఎద్దు తరిమినట్టు పరుగు. పెద్ద వేదిక ముందు ఎవరు ముందు పట్టా పరిస్తే ఆ చోటు వాళ్ళది. పరుస్తారు, నాలుగు మూలలా మేకులు దిగ్గొడతారు, ఇక కనిపించరు. కొందరు ఏట్లో ఈతకు, కొందరు బీరు పందిట్లోకి. పేరున్న పాటగాళ్ళు ఆఖర్న వచ్చినప్పుడు వీళ్ళూ వస్తారు. అందాకా పాడేవాళ్ళంతా నీలం ప్లాస్టిక్కుకు పాడుకోవలసిందే. నిజంగా విందామని వచ్చిన అమాయకులు వెనక మిట్ట మీద, మరుగుదొడ్ల గాలి పీలుస్తూ కూర్చుంటారు.

“గడ్డివాము దగ్గర కుక్కలు. తాము తినవు, ఆవును తిననివ్వవు” అంటుంది మార్డెల్.

ఖాళీ పట్టా మీద ఎవరైనా కూర్చోవచ్చు, సొంతదారు వస్తే లేవాలి అని గేటు దగ్గర బల్లకు రాసి పెట్టే ఉంది. కానీ ఒక్కడూ కూర్చోడు. పరాయి మంచం మీద పడుకోమన్నట్టు సిగ్గుపడిపోతారు. ఈ చలిదేశంలో మర్యాద ఎంతంటే, తలుపు మన ముక్కుకు తగిలితే మనమే తలుపుకు క్షమాపణ చెబుతాం. అలాంటివాళ్ళు పరాయి పట్టా తొక్కుతారా!

మార్డెల్ ఆరో తరగతితో చదువు మానింది. కోతల రోజుల్లో తండ్రి పొలంలో పనివాళ్ళకు వండడంతో మొదలుపెట్టి, ఊరి బడి వంటగదిలో ముప్పై ఒక్క ఏళ్ళు వండింది. మొగుడు ఒరెస్ట్ పోయాక కూడా ఒక్కతికి సరిపడా వండుకోవడం చేతకాక, పెద్ద గిన్నెడు వండి వీధంతా పంచేది. ఉత్సవంలో పాడేవాళ్ళకూ పనిచేసేవాళ్ళకూ కలిపి ఏడు వందల మందికి రోజుకు రెండు పూటలు ఆవిడ చేతి మీదే సాగుతుంది. అక్కడ ఎవరికీ జీతం లేదు, ఆవిడకు అంతకంటే లేదు. వంట కొలతల పుస్తకం తెచ్చిన అమ్మాయిని మొదటి రోజే బంగాళాదుంపలు ఒలవడానికి తోలేసింది. గిన్నెలు కడిగే తొట్టిలో కాళ్ళు కడుక్కున్న గడ్డంవాణ్ణి గరిటెతో కొట్టిందని కూడా చెప్పుకుంటారు. కొట్టలేదు. కొట్టడానికి గరిటె ఎత్తింది, వాడే పారిపోయాడు.

ఆవిడకు ఇష్టమైనవాడు ఆ ఉత్సవం మొత్తానికి ఒక్కడే. లియోనెల్ డెజార్లే. ఫిడేలు వాయిస్తాడు. ఆవిడ బడిలో వండినన్నాళ్ళూ అతను ఆ బడి బస్సు నడిపాడు. గడ్డి బండిని వేదిక చేసి మొదలుపెట్టిన తొలి ఉత్సవం నాడు వాయించినవాళ్ళలో ఇప్పుడు మిగిలింది అతనొక్కడే. నాలుగేళ్ళ కిందట, సాయంత్రం ఐదింటికి అతని వంతు వచ్చింది. ఎదురుగా చూస్తే పట్టాలే, మనిషి లేడు. రెండు పాటలు వాయించాడు. మూడోది సగంలో ఆపి, మైకు దగ్గరకు వంగి, “ప్లాస్టిక్కుకే వాయించాలంటే ఇంటి దగ్గర నా పడవ మీద కప్పింది ఉంది. దానికి వాయించుకుంటా” అని పెట్టె మూసుకుని వెళ్ళిపోయాడు. మళ్ళీ నలుగురిలో ఆ పెట్టె తెరవలేదు.

ఈ వసంతంలో మార్డెల్ అన్నం కూరి ఉడికించిన క్యాబేజీ ఆకు చుట్టలు ఒక గిన్నెడు పట్టుకుని అతని ఇంటికి వెళ్ళింది.

“ఎన్నాళ్ళు అలుగుతావు ముసలోడా? డెబ్బై ఎనిమిదొచ్చాయి. ఇంకా పెళ్ళికూతురివనుకుంటున్నావా?”

లియోనెల్ ఎడమచేతి వేళ్ళు చాపి చూపించాడు. ఉంగరం వేలు వంగడం లేదు. “వీటికి ఇంకొక్క వేసవి ఉందే మార్డెల్. ఆ పైన లేదు. వస్తాను. కానీ ఎదురుగా మనుషులుండాలి. మళ్ళీ ప్లాస్టిక్కే కనబడిందా, గుమ్మంలోంచే వెనక్కి తిరుగుతా. ఇంక జన్మలో పెట్టె తెరవను.”

“ఉంటారు. నాది పూచీ” అంది మార్డెల్.

మాట ఇచ్చి తప్పినట్టు ఆవిడ మీద ఒక్క ఉదాహరణ లేదు. ఉంటే చెప్పమనండి.

ఉత్సవంలో శనివారం నాలుగింటికి, తన వంతుకు గంట ముందే, లియోనెల్ ఫిడేలు పెట్టెతో వంటశాలలోకి వచ్చాడు. ఉతికిన తెల్లచొక్కా, ఎర్ర నడికట్టు. బీట్‌రూట్ సూప్ పోసి పెడితే బల్ల దగ్గర కూర్చుని తాగుతున్నాడు. మార్డెల్ మేనకోడలు షెలీన్ వేదిక ముందుకు వెళ్ళి చూసి వచ్చింది.

“అత్తా, ముందు పిట్ట లేదు.”

“మెల్లిగా అఘోరించు, వింటాడు. ఎక్కడ చచ్చారంతా?”

“బీరు దగ్గర.”

మార్డెల్ గరిటె చేత్తోనే బయటికి నడిచింది. డెబ్బై మూడేళ్ళ తుంటి, ఎగుడుదిగుడు నేల, ముసురుకునే దోమలు. మిట్ట మీద రెండు వందల మంది దాకా కూర్చుని ఉన్నారు. వాళ్ళ ముందు నిలబడి అరిచింది.

“లేవండి! ముందుకొచ్చి కూర్చోండి. లియోనెల్ వాయిస్తున్నాడు.”

ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. గుడ్డ టోపీ పెట్టుకున్న పెద్దమనిషి నవ్వుతూ, “క్షమించండమ్మా, అవి ఎవరివో కదా” అన్నాడు.

“ఎవరివో అయితే ఏం? కూర్చోవచ్చని గేటు దగ్గర రాసుంది. చదువు రాదా నీకు?”

“రాసుందండీ. కానీ బాగుండదు కదా.”

“ఏం బాగుండదు?”

“వాళ్ళు వస్తే ఇబ్బంది పడతారేమో.”

“వాళ్ళు పీపాలో మునిగి ఉన్నారు, రారు! నువ్వమ్మా? చంటిదాన్ని ఎత్తుకుని ఎండలో కటిక నేల మీద కూర్చున్నావు, అక్కడ పట్టాలున్నాయి.”

“అయ్యో, పరవాలేదండీ, మాకిక్కడ బాగానే ఉంది” అంది ఆ పిల్ల తల్లి, చెమటలు కక్కుతూ. “క్షమించండి.”

మిట్ట మొత్తం తిరిగింది. క్షమించండి, క్షమించండి. చివరికి ఒకడు, తన కాలు తొక్కింది మార్డెలే అయినా, తానే క్షమించమన్నాడు. ముందు వరసలో సిగ్గులేని జనం, వెనక వరసలో సిగ్గు తప్ప ఇంకేమీ లేని జనం. ఈ ఇద్దరి మధ్య నలుగుతున్నది ఒక్క ముసలాడి ఫిడేలు.

వంటశాలలోకి తిరిగి వచ్చేసరికి నాలుగూ ముప్పావు. లియోనెల్ సూప్ ముగించి, గుమ్మంలోంచి వేదిక పక్కగా కనిపించే మైదానం వైపు చూస్తున్నాడు. చూడనే చూశాడు. ఇంక దాచేదేముంది? మార్డెల్ తిట్లు ఎత్తుకుంది.

“ఛీ, మనుషులా వీళ్ళు! పొద్దున పరుగెత్తుకొచ్చి చోటు తొక్కిపెట్టడం, పోయి తాగి పడుకోవడం. నీ పాట విననివాడు ఆ చోట పట్టా ఎందుకు వెయ్యాలి? కుర్చీకి కోటు తగిలించి పెళ్ళికి పోయినట్టు. వీళ్ళు తిన్న పళ్ళెం కడగాలన్నా నాకు రోతగా ఉంది.”

లియోనెల్ చెంచా పక్కన పెట్టాడు.

“ఆ నట్టనడుమ పసుపుపచ్చది ఎవరిదే? కోడిపుంజుల బొమ్మలున్నాయి.”

మార్డెల్ సూప్ గిన్నె వైపు తిరిగి గరిటె తిప్పసాగింది.

“నాలుగేళ్ళ కింద కూడా అక్కడే ఉంది. మైకుకు ఎదురుగా. తక్కినవన్నీ నీలంవి, ఆకుపచ్చవి, గుర్తు లేవు. దాని మీద ఎవరైనా వచ్చి కూర్చుంటారేమోనని దాన్నే చూస్తూ వాయించాను. రెండు పాటలు.”

షెలీన్ తల వంచుకుని ఉల్లిపాయలు తరగడం మొదలుపెట్టింది. పొద్దున ఆరింటికి వరసలో నిలబడి, పళ్ళ డాక్టర్లను దాటి పరుగెత్తి, ఏటా దాన్ని పరిచేది ఆ పిల్లే. అది మార్డెల్ వంటింటి బల్ల మీది పాత రెక్సిన్ గుడ్డ. వంట ముగించుకుని ఆఖరి పాటకు వెళ్ళి కూర్చోవచ్చని ఆవిడే వేయిస్తుంది. కూర్చున్నది ఎన్నిసార్లు? వేళ్ళ మీద లెక్కపెడితే వేళ్ళే మిగులుతాయి.

గురివింద గింజకు తన నలుపు కనబడదంటారు. కనబడిన రోజున ఎలా ఉంటుందో ఎవరూ చెప్పరు. మార్డెల్‌కు చెవుల దాకా వేడెక్కింది.

“ఏడు వందల మందికి వండాలి నేను” అంది.

“తెలుసు.”

“నీ పాట ఒక్కటి కూడా పోనివ్వలేదు నేను. నువ్వు వాయించినన్నాళ్ళూ. ఇక్కణ్ణుంచి విన్నాను.”

“ఇది వేదికకు వెనకే మార్డెల్. గిన్నెల మోతలోంచి నా వీపు విన్నావు.” కోపంగా అనలేదు. బస్సులో పిల్లలను తలుపు దగ్గర జాగ్రత్త అన్నట్టు అన్నాడు. లేచి పెట్టె చేతిలోకి తీసుకున్నాడు. ఏ వైపు తిరుగుతాడో ఎవరికీ తెలియదు, బహుశా అతనికి కూడా.

మార్డెల్ ఏప్రన్ ముడి విప్పింది. తాళంచెవి మెళ్ళోంచి తీసి షెలీన్ మెళ్ళో పడేసింది. పొయ్యి దగ్గర పెరోగీలు, అంటే దుంప కూరిన పిండి కజ్జికాయలు, ఉడికిస్తున్న గార్నెట్, పదకొండేళ్ళుగా ఆవిడ చేతి కింద పనిచేస్తున్నవాడు, బిత్తరపోయాడు.

“ఇప్పుడెక్కడికి? పెరోగీలు నీళ్ళలో ఉన్నాయి! ఐదింటికి జనం వస్తారు!”

“పైకి తేలితే తియ్యి.”

“ఉల్లిపాయలు?”

“ఎర్రబడితే దించు. రెండు చేతులిచ్చాడు కదరా దేవుడు, ఒకటి నీ నోరు మూసుకోవడానికి వాడు.”

వెనక్కి చూడకుండా నడిచింది. పట్టాల మధ్య సందుల్లోంచి వెళ్ళి నట్టనడుమ కోడిపుంజుల మీద చతికిలబడింది. తుంటి కలుక్కుమంది. చుట్టూ ప్లాస్టిక్కు ఎండకు మాడి కంపు కొడుతోంది. పక్క పట్టా మీద ఎవడో విడిచిన చెప్పులు, ఈగలు మూగిన మొక్కజొన్న కండె. ఇంత ప్రపంచంలో ఒక్క ముసలమ్మ, పాడుబడ్డ చెరువులో కప్పలాగా.

ఒక్కతే మనుషులు ఎలా అవుతుంది? మనుషులుంటారని కదా చెప్పింది. మిట్ట వైపు తిరిగింది. అప్పుడు తోచింది. వెనకవాళ్ళకు లేనిది ధైర్యం కాదు, పిలుపు. సొంతదారు పిలిస్తే వాళ్ళు నిప్పుల్లోకైనా వస్తారు, రాకపోతే మర్యాద కాదని.

“ఓయ్! ఇది నాది! ఈ కోళ్ళ పట్టా నా సొంతం! మిమ్మల్ని పిలుస్తున్నాను, రండి!”

మిట్ట మీద తలలు ఇటు తిరిగాయి. తర్వాత చంటిపిల్ల తల్లి లేచింది. “నిజంగా మీదేనా అండీ?” గుడ్డ టోపీ పెద్దమనిషి, అతని భార్య, ఎవరో ముగ్గురు అక్కచెల్లెళ్ళు. చెప్పులు విప్పి, చేతిలో పట్టుకుని, పక్క పట్టాల అంచు కూడా తగలకుండా కాళ్ళు ఎత్తెత్తి వేస్తూ కొంగల్లాగా వచ్చారు. నలుగురు పట్టే పట్టా మీద పద్నాలుగు మంది. క్షమించండి, మోకాలు తగిలిందా, క్షమించండి. ఒకడి ఒంటి నుంచి ఎండ తగలకుండా రాసుకునే నూనె వాసన, ఇంకొకడి నుంచి తడి కుక్క వాసన. పిల్లేమో మార్డెల్ చెవి పట్టుకుని లాగుతోంది. చుట్టూ మూడు వందల పట్టాలు ఖాళీ.

లియోనెల్ వేదిక మీదికి వచ్చాడు. ఎండకు చెయ్యి అడ్డం పెట్టుకుని చూశాడు. ఆ ఇరుకు కుప్పను, కుప్ప నడుమ చిరచిరలాడే మొహాన్ని చూశాడు. కుర్చీలో కూర్చున్నాడు. పెట్టె తెరిచాడు.

ఫిడేలుకు తాళంగా వేదిక పలకలను తొక్కే అతని అడుగుల చప్పుడు మార్డెల్‌కు ఎప్పటినుంచో తెలుసు. వంటశాల గోడ వెనకనుంచి దడదడమని వచ్చేది. ఆ అడుగులను చూడడం మాత్రం ఇదే మొదటిసారి. నడుము పైన మనిషి చలనం లేకుండా కూర్చుని ఉన్నాడు, మోకాళ్ళ కింద రెండు కాళ్ళూ గుర్రాల్లా పరుగెడుతున్నాయి. వంగని వేలును పక్కకు పెట్టేసి మూడు వేళ్ళతో వాయిస్తున్నాడు. ఒకచోట స్వరం జారింది. పెదవి బిగించి, తిరిగొచ్చి, దాన్ని మళ్ళీ పట్టుకున్నాడు. జారిందని వెనకనుంచైతే ఎవరికి తెలుస్తుంది? ఇరవై ఆరేళ్ళు గోడకు వండిపెట్టాను అనుకుంది మార్డెల్, తన మీద తనకే అసహ్యం పుట్టి.

ఆఖరి పాటకు వంటశాల వైపునుంచి మాడిన ఉల్లిపాయల వాసన తేలివచ్చింది. గార్నెట్! ఎర్రబడితే దించమంటే నల్లబడేదాకా చూస్తూ నిలబడి ఉంటాడు, దద్దమ్మ. ఏడు వందల మంది పళ్ళేలు పట్టుకుని నిలబడి ఉంటారు. కాళ్ళు లేవబోయాయి. తొడ మీద చరుచుకుని కూర్చోబెట్టింది. ఇరుకులో ఒక కాలు జారి పక్క నీలం పట్టా మీద పడింది.

సరిగ్గా అప్పుడే దాని సొంతదారు వచ్చాడు. చేతిలో బీరు గ్లాసు, మీసాలకు నురగ. వేదిక వైపు తలెత్తి కూడా చూడలేదు. వంగి, ఎంతో మర్యాదగా అన్నాడు.

“క్షమించాలమ్మా, మీ కాలు మా పట్టా మీద ఉంది.”

మార్డెల్ అతని వైపు చూడలేదు. లియోనెల్ కాళ్ళనే చూస్తూ, రెండో కాలు కూడా ఎత్తి అక్కడే పెట్టింది.