గుట్ట ముందు దసరా ఫొటో

వినాయక చవితి వెళ్ళిన వారానికి అమ్మ ఫోన్ చేసి, "స్టూడియో పెదనాన్న పోయాడే" అంది. నేను నరసరావుపేట బస్టాండులో ఉన్నాను. ఎక్కాల్సిన బస్సు నా ముందే వెళ్ళిపోయింది. ఆయన మాకు చుట్టం కాదు, పక్కింటాయన. మాచర్ల రోడ్డులో చిన్న ఫొటో స్టూడియో. పెళ్ళిళ్ళ ఫొటోలతో ఇల్లు గడిచేది. మనసు మాత్రం మా ఊరి సున్నపురాయి క్వారీ మీద ఉండేది.

దసరా నాడు క్వారీలో పని ఆపి, సమ్మెటలకు, గడ్డపారలకు పసుపు కుంకుమలు పెడతారు. ఆ పొద్దున కూలీలందరినీ గుట్ట ముందు నిలబెట్టి ఆయన ఒకే ఒక్క ఫొటో తీసేవాడు. ఏటా అదే చోటు నుంచి. తలంట్లు పోసుకుని, ఇస్త్రీ బట్టల్లో వచ్చేవాళ్ళు. "దుమ్ములో పనిచేస్తుంటే తీయొచ్చుగా" అన్నాను, కాలేజీలో చేరిన కొత్తలో.

"దుమ్ము రోజూ చూసేదేగా. ఇది ఆళ్ళు ఇంట్లో గోడకి తగిలించుకునేదే" అన్నాడు, లెన్సు తుడుచుకుంటూ.

కదలొద్దని ఎవరినీ అనేవాడు కాదు. "ఊపిరి పీల్చుకోండి" అనేవాడు. ఆ మాట ఇప్పటికీ చెవిలో ఉంది.

ఆ ఫొటోలన్నీ స్టూడియో గోడ మీద వరసగా ఉండేవి. మొదటి దానిలో గుట్ట తలల మీదుగా లేచి ఉంది. అప్పట్లో క్వారీలో పనిచేసే అమ్మ చంకలో నేనున్నాను. తర్వాత్తర్వాత గుట్ట భుజాల దాకా, నడుముల దాకా దిగింది. పోయినేడాది ఫొటోలో వెనకంతా ఆకాశమే. పొద్దుకి వీపు పెట్టి తీసేవాడు కాబట్టి, అన్నిట్లోనూ ముందువరస పాదాల దగ్గర ఆయన తల నీడ. కత్తిరించమంటే, "ఉండనీవే, నన్నెవరు తీస్తారు" అని నవ్వేవాడు. నిజంగానే, దండ వెయ్యడానికి ఫొటో దొరకలేదు. ఆధార్ కార్డులోది పెద్దది చేయించారు. అది ఆయనలా లేదు.

ఈ దసరాకి ఆయన కెమెరా తీసుకుని నేను వెళ్ళాను. పిలవకుండానే అందరూ వచ్చి నిలబడ్డారు. ఆయన నిలబడే చోటు మాత్రం లేదు; గుట్ట అయిపోయాక ఎండాకాలంలో ఇటువైపు తవ్వేశారు. గుంట అంచుకి ఇవతల, వాళ్ళకి బాగా దగ్గరగా నిలబడాల్సి వచ్చింది.

"ఎనక్కి జరుగమ్మాయ్, నీ నీడ మా మీద పడతంది" అంది ముందువరసలో, రాళ్ళు కొట్టే అత్త.

"ఏడకి జరిగిద్ది, గుంటలోకా?" అన్నారెవరో. నవ్వారు.

అత్త నా వెనక గుంటకేసి కాసేపు చూసింది. కొత్త చీర కుచ్చెళ్ళు సర్దుకుంది.

"ఉండనీలే. తియ్యి."

నేనేమీ అనకముందే అందరూ ఊపిరి పీల్చుకున్నారు. ఆ ఫొటోలో నా తల నీడ, అత్త చేతిలోని పసుపు పూసిన సమ్మెట మీద ఉంది.