ముఖ్య అతిథి చివర్లోనే మాట్లాడాలి

మా సాయిశంకర్ బావ ఉద్యోగం పేరు ప్లేస్‌మెంట్ ఆఫీసరు. చేసేది మాత్రం వక్తల్ని వెతకడం. ఆనందపురం జంక్షన్ దాటాక హైవే పక్కన అతని కాలేజీ ఉంది. అక్కడ ఏటా కెరీర్ సదస్సు జరుగుతుంది. దానికి కీనోట్ స్పీకర్‌ని, అంటే అసలు ప్రసంగం చేసే నిపుణుణ్ని, పట్టుకు రావాల్సింది బావే. ఆ కాలేజీలోనే మేమిద్దరం కలిసి చేరాం. నేను రెండో ఏడాదిలో మానేశాను. నేను పట్టా పుచ్చుకుంటే మిగతావాళ్ల పట్టాలకు విలువ ఉండదని జాలిపడ్డానంతే, వేరే కారణం లేదు. ఇప్పుడు గోపాలపట్నంలో నాకు మైక్‌సెట్ వ్యాపారం. నా బాక్సుల సంగతి ఉత్తరాంధ్ర అంతా తెలుసు. ఒకసారి ఆ కాలేజీలో 'హలో, మైక్ టెస్టింగ్' అంటే పోర్టులో లంగరేసిన ఓడ హారన్ కొట్టి బదులిచ్చింది. నమ్మనివాళ్లు ఆ ఓడ కెప్టెన్‌ని అడగొచ్చు. ప్రస్తుతం ఆయన నడిసముద్రంలో ఉన్నాడు.

బావది వ్యవసాయ కుటుంబం. దుక్కిటెద్దును అదిలించాల్సి వచ్చినా 'కాస్త జరుగుతారా' అని అడిగే మనిషి. అలాంటివాడికి పెద్దమనుషుల్ని బతిమాలే పని దొరికింది. ఒక ఏడాది హైదరాబాదు నుంచి వచ్చిన వక్త పిల్లలందర్నీ కళ్లు మూసుకుని తమ భవిష్యత్తును ఊహించుకోమన్నాడు. సగం హాలు నిద్రపోయింది. ఒకడి గురక నా మైకులోంచి వచ్చింది. మరో ఏడాది ఇంకొకాయన 'నేను సాధిస్తాను' అని అందరిచేతా కేకలు పెట్టించాడు. కిటికీ అద్దాలు సాధించలేక పగిలాయి. ప్రతిసారీ 'ఉద్యోగాలున్నాయి, రండి' అని పిల్లల్ని పోగుచేయడం బావ వంతు. ఉద్యోగం మాట ఎత్తకుండా శాలువా కప్పించుకుని వెళ్లిపోవడం వక్తల వంతు.

ఈ ఏడాది మాత్రం బావ పోర్టు చుట్టూ ఉన్న ఆఫీసులన్నీ బైకు మీద తిరిగి రాధ గారిని పట్టుకున్నాడు. ఆమెది జాలరిపేట. అన్నదమ్ములు ఇప్పటికీ వేటకు వెళ్తారు. ఆమె ఓడల ఏజెన్సీలో మేనేజరు. ఓడ రేవులోకి వచ్చిన దగ్గర్నుంచి సరుకు దింపుకుని వెళ్లేదాకా దాని మంచిచెడ్డలు చూసే పని. తనకు ఉపన్యాసాలు రావని, ఫైనలియర్ పిల్లలతో ఒక గంట కూర్చోబెడితే చాలని ఆమె చెప్పింది. ఆరుగురు ట్రైనీలు కావాలి, నచ్చినవాళ్లను అక్కడికక్కడే తీసుకుంటుంది. కానీ ఆ సంగతి ముందుగా ఎవరికీ చెప్పొద్దంది. చెప్తే బట్టీపట్టిన జవాబులే వస్తాయట. బావ ఆ రాత్రి నాకు ఫోన్ చేసి, సర్వీసులో మొదటిసారి నిజమైన ఉద్యోగాలు తెస్తున్నానని చెప్పాడు.

అక్కడిదాకా బాగానే ఉంది. కాలేజీ ఛైర్మన్ భీమశంకరరావు గారు, పేరు వినని మనిషికి కారెందుకు పంపాలన్నారు. బావ ఆలోచించి, ఆహ్వానపత్రంలో ఆమెను ముఖ్య అతిథిగా వేశాడు. వెంటనే కారు వచ్చింది, పూలబొకే వచ్చింది, పెద్ద సైజు శాలువా వచ్చింది. బావ తన తెలివికి తనే మురిసిపోయాడు. మన సభల్లో ముఖ్య అతిథి ఎప్పుడు మాట్లాడతారో ఆ మురిపెంలో మరిచిపోయాడు.

జ్యోతి వెలిగించారు. ప్రార్థన, నాట్యం, వేదిక మీద ఉన్నవాళ్లనీ లేనివాళ్లనీ పేరుపేరునా పొగడటం అయ్యాయి. తర్వాత ఛైర్మన్ గారి బావమరిది తన జీవితపోరాటం మొదలుపెట్టాడు. ఆయన పుట్టి, బడికి వెళ్లేసరికే మధ్యాహ్నం భోజనాల వేళ దాటింది. కాలేజీ బస్సులేమో అద్దెవి. నాలుగింటికి కదిలి, గాజువాకలో సాయంత్రం షిఫ్టు కార్మికుల్ని ఎక్కించుకోవాలి. బావ వేదిక వెనక నుంచి వెళ్లి ఛైర్మన్ గారి చెవి దగ్గర వంగాడు. పక్కనే మైకు వైరు సరిచేస్తున్న నాకు అంతా వినబడింది.

"సార్, రాధ గారిని ఇప్పుడే మాట్లాడించేద్దామండి. పిల్లలెల్లిపోతారు."

"ముఖ్య అతిథిని మజ్జిలో లేపుతావేటయ్యా? అవమానం కాదూ? ఆవిడ ముందే మాట్లాడేత్తే మిగతావోళ్ల మాట ఎవడింటాడు?"

బావ డ్రైవర్ల దగ్గరికి పరుగెత్తాడు. వాళ్లు షిఫ్టు సంగతి చెప్పి తలలు అడ్డంగా ఊపారు. బావమరిది గారు ఇంకా పెళ్లి దాకా కూడా రాలేదు, బస్సు హారన్లు మొదలయ్యాయి. పిల్లలు ఒక్క ఉదుటున లేచారు. బావ బస్సు మెట్టు మీద నిలబడి, రాధ గారికిచ్చిన మాట కూడా తప్పి, ఉద్యోగాలున్నాయిరా, ఆగండ్రా అని అరిచాడు. ఫైనలియర్ కుర్రాడొకడు నవ్వుతూనే అన్నాడు.

"పెతీ యేడూ అదే అంటారు కద్సార్."

బస్సు కదిలింది. బావ దిగాల్సి వచ్చింది.

రాధ గారిని మైకు దగ్గరికి పిలిచేసరికి ముందు వరుసలో లెక్చరర్లు, వెనక ఖాళీ కుర్చీలు. ఆమె మైకు ముట్టుకోలేదు. శాలువా మడిచి కుర్చీ మీద పెట్టి మెట్లు దిగింది.

బావ అడ్డం వెళ్లి, రేపు పిల్లల్ని తనే ఆఫీసుకు తీసుకొస్తానన్నాడు.

"రేపు ఇంకో కాలేజీకి మాటిచ్చాను సాయిశంకర్ గారూ. నాను గంట అడిగాను. మీరు మర్యాద చేశారు," అంది ఆమె. కోపం కూడా లేదు. ఓడ వచ్చే వేళయిందని కారెక్కింది.

ఛైర్మన్ గారు మాత్రం హుషారుగా ఉన్నారు. ఫొటోలు బాగా వచ్చాయట. వచ్చే ఏడాది కూడా ఈ అమ్మనే పిలవమన్నారు. అప్పుడు మా బావ, ఎద్దుతో కూడా మెత్తగా మాట్లాడే బావ, ఛైర్మన్ గారి మొహంలోకి సూటిగా చూశాడు.

"నాను పిలవను సార్. ఆవిణ్ణే కాదు, ఎవుల్నీ పిలవను. ఆరు ఉద్యోగాలు వొచ్చి మన గుమ్మంలో కూకుంటే పొగడ్తలతో తరిమేశాం. ఇంకెవుల్ని తెచ్చినా ఇదే సేత్తారు మీరు."

నేను చేతిలో వైరు వదిలేశాను. ఇంత మాట నా బాక్సుల్లోంచి కూడా ఎప్పుడూ రాలేదు. ఛైర్మన్ గారు అతన్ని ఎగాదిగా చూశారు. కోప్పడతారేమో, ఉద్యోగం పీకేస్తారేమో, కనీసం కేకేస్తారేమో అనుకున్నాను.

"పొద్దుట్నుంచి ఎండలో తిరిగాడు పాపం. ఎవరక్కడ, మజ్జిగియ్యండి," అనేసి ఆయన చల్లారిన భోజనాల వైపు నడిచారు.

ఎవరో గ్లాసు తెచ్చి చేతిలో పెట్టారు. బావ దాన్ని పట్టుకుని ఖాళీ కుర్చీల వైపు చూశాడు. తర్వాత అలవాటుకొద్దీ, తెచ్చినవాడికి థ్యాంక్సండీ అన్నాడు.